బీడును బీడుగా నిలుపు విద్య

రాయలసీమ గ్రామముల అడంగళ్లలో బంజరు అనియు, పోరంబోకు అనియు ఒక్క మాటతో తేల్చివేయబడిన నేలకు, ఆ ఊరి గొఱ్ఱెలకాపరి నోట మిట్ట, తిప్ప, బీడు, వంక, కుంట, మడుగు అని అరడజను పేరులు వినవచ్చును. కరణము లెక్కకు శిస్తు రాని నేల యంతయు ఒక్కటే. కాపరి లెక్కకో, ఏ నెలలో ఏ తావున మేత దొరకునో, ఏ కుంటలో మాఘమాసము వఱకు నీరు నిలుచునో, ఏ పొదలచాటున ఎండవేళ మంద పరుండునో, దానినిబట్టి నేలకు పేరు. నందికొట్కూరు మొదలుకొని బద్వేలు దాక నున్న మెట్టసీమలో ఈ నలువది యేండ్లుగా సాగిన పక్షిరక్షణ కథను తఱచి చూచిన కొలదియు, ఈ రెండు లెక్కలలో కాపరి లెక్కయే పక్షులకు గూడ సమ్మతమైనదని నాకు తోచుచున్నది.

రోళ్ళపాడు నేడు నంద్యాల జిల్లాలో నున్నది. 2022 వఱకు కర్నూలు జిల్లాలోనిది. నల్లరేగడి చేల సరిహద్దున, వానకాలమున పచ్చగను, సంక్రాంతి దాటునప్పటికి పండుగోధుమ వన్నెగను అగుపడు ఇచటి గడ్డిబీడులో బట్టమేకపిట్టలు కలవన్న సంగతి 1980 ప్రాంతమున లోకమునకు తెలియవచ్చెను. లోకమునకు అనగా శాస్త్రజ్ఞులకు, ఊరివారికి ఏనాడో తెలియును. మీటరెత్తు నిలిచి, పోతు పది పదునైదు కిలోలు తూగి, ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నొకటిగా లెక్కకు వచ్చు ఈ పిట్ట గూడు కట్టదు; వట్టి నేలమీద సాధారణముగా ఒక్కటే గ్రుడ్డు పెట్టి, నలుదెసల చూపు ఆనుటయే తనకు కోటగా భావించి పొదుగును. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఇచట ఏండ్ల తరబడి నిలిచి పరిశోధించిరి. 1988లో 614 హెక్టారుల నేల అభయారణ్యముగా ప్రకటింపబడెను. అరణ్యమను ఆ మాటలోనే చిక్కున్నది. చెట్లు నాటుటకు అలవాటుపడిన చేతులకు నాటక యుండుటను నేర్పవలసి వచ్చెను. చెట్టు లేకపోవుటయే సొత్తుగా గల నేలపై ఒక తోపు లేచినచో, ఆ తోపు నీడకంటె దాని చాటు బట్టమేకపిట్టకు ఎక్కువ కనబడును, ఆ చాటున నక్క పొంచియుండవచ్చును గనుక.

గడ్డిని మరల తెచ్చు విద్యలో మొదటి మెట్టు మేతను ఆపుట. కందకము త్రవ్వి, వచ్చిన మన్నును కట్టగా పోసి, పశువులు దాటకుండ చేసిరి. మూతి నేలకు రాచి మేసిన బీడులో గూడ వేరు చావదు. ఒత్తిడి తగ్గినంతనే నెండ్రగడ్డి, చీపురుగడ్డి వంటివి రెండు మూడు వానకాలములలో గుబురుకట్టి తలయెత్తును. విత్తు చల్లవలసిన పని అంతగా లేదు. నేల తన విత్తును తానే దాచుకొనియుండును. అయితే ఇచట ఆగిన పని సగము పనియే. ఏటేట మేతయు కోతయు లేక ఎదిగిన గడ్డి పిట్ట తలకంటె మించినచో దానికది గోడ. ఎండి పేరుకొన్నచో వేసవిలో ఒక్క బీడీ ముక్క చాలును. కావున విత్తు రాలిన పిమ్మట గడ్డిని పాళ్ళు వేసి కోయవలెను. కొంత పొట్టిగను, కొంత మోకాలి ఎత్తునను, కొంత కదల్పకను ఉంచవలెను. నడుమ నడుమ గడ్డి గీకి నిప్పుదారులు తీయవలెను. ఒకే కొలతతో కత్తిరించిన పచ్చిక తోటమాలికి అందము గాని, పొట్టిగడ్డిలో మిడుతల నేరుకొని, నడిమి గడ్డిలో పిల్లను దాచుకొను పక్షికి అది పనికిరాదు. శీతకాలమున మధ్య ఆసియానుండి వచ్చు పిల్లిగ్రద్దలు రాత్రులు నేలమీదనే, ఎత్తుగడ్డిలోనే, నిద్రించును. ఆ పాలు వానిది.

కంచె వలన కలిగిన ఫలములన్నియు కోరినవి కావు. కొలదిగా నుండిన కృష్ణజింకలు వందలకెక్కి, కందకము దాటి రైతుల చేలలో పడి మేయసాగెను. పగలు సేద్యము చేసి రాత్రి మంచెపై కావలి కాయవలసివచ్చిన రైతు, పక్షి పేరు చెప్పి జింకలను పెంచితిరని అలిగినచో అందు అన్యాయమేమియు లేదు. ఇంతలో బట్టమేకపిట్టయే కరవయ్యెను. 614 హెక్టారులు దానికి ఇల్లు కాదు, ఇంటిలోని ఒక గది మాత్రమే. అది బ్రదికినది చుట్టుపట్ల గడ్డిబీళ్ళపైనను, కొఱ్ఱ జొన్నల మెట్టచేలపైనను ఆధారపడి. సమీపమున అలగనూరు జలాశయము వెలసినది, కాలువనీరు వచ్చినది, పంటలు మాఱినవి. కాలువను నేను తప్పుపట్టను, సీమవాడెవ్వడును తప్పుపట్టడు. కాని కంచె లోపలి గడ్డిని ఎంత చక్కగా కాచినను వెలుపలి చేను మాఱినచో పక్షి నిలువదన్న పాఠమును ఇంత ఖరీదు పెట్టి నేర్చుకొన్న ఊరు మఱియొకటి లేదేమో.

చెట్లు నాటకుండుటయే గాక ఉన్నవానిని కొట్టి ప్రకృతిని కాపాడుట యన్నచో మనకు విడ్డూరముగా తోచును గాని, ఇది మన యొక్కరి చిక్కు కాదు. అమెరికా పశ్చిమ తీరమున ఆరెగాన్ రాష్ట్రపు విలామెట్ లోయలో, కలపూయ జాతివారు తరతరములు గడ్డికి నిప్పుపెట్టుచు, దూరదూరముగా ఓకు చెట్లు నిలిచిన పచ్చికబయళ్ళను కాపాడుకొనిరి. వలసవచ్చిన తెల్లవారు ఆ మంటలను ఆపగా ఫర్ జాతి చెట్లు క్రమ్ముకొని ఓకులకు వెలుతురు లేకుండ చేసెను. పల్లపు చిత్తడినేలలకు కాలువలు తీసి ఎండబెట్టిరి. 1964లో ఆ లోయలో ఏర్పడిన ఫిన్లే వన్యప్రాణి ఆశ్రయమున నేటి పనివారు ఆ ఫర్ చెట్లను కొట్టుచున్నారు, అదనెఱిగి గడ్డికి నిప్పుపెట్టుచున్నారు, నీటిని మరల పల్లములలో నిలుపుచున్నారు. తాతలను దండించి మాన్పించిన పనిని మనుమలు జీతమిచ్చి చేయించుచున్నారన్నమాట.

మనకు ఫర్ లేదు, సర్కారుతుమ్మ యున్నది. దక్షిణ అమెరికా వైపు పుట్టిన ఈ కంపచెట్టును వంటచెఱకు కొఱకని మన దేశమున తొలుత నాటిన తావులలో కడప జిల్లా కమలాపురము ఒకటి. 1877 ప్రాంతపు మాట అది. కఱవు సీమలో పొయ్యిలోనికి పుల్ల దొరకని దినములలో దానిని తెచ్చినవారి బుద్ధిని తూలనాడుటకు నాకు నోరు రాదు. పేదవాని బొగ్గు, పేదవాని కంచె, పేదవాని కూలి నేటికిని అందులో నున్నవి. కాని గొఱ్ఱెలు మేకలు దాని తీయని కాయలను తిని ఎరువుతో పాటు గింజలను బీడునిండ చల్లుచుండ, కుంటల అంచులను, వంకల దరులను అది పట్టుకొన్నది. పైన నఱకిన కొలదియు కింద పది కొమ్మలు వేయును. నేల లోపలికి త్రవ్వి మొదలుతో పెకలింపవలెను, కాయ రాలకమునుపే పెకలింపవలెను, మఱుసటి రెండు మూడేండ్లు మొలకలను లాగుచుండవలెను. ఒక్కయేటి నిధులతో ఆర్భాటముగా మొదలై రెండవయేట మఱువబడు పనికి ఇది లొంగదు.

కడప వైపు లంకమల పాదమున కథ ఇంకను సున్నితమైనది. అచట కావలసినది వట్టి గడ్డియు కాదు, అడవియు కాదు, రెంటి నడిమిది. సైనిక వైద్యుడగు జెర్డాను 1848 ప్రాంతమున లోకమునకు తెలిపిన కలివికోడి 1900 తరువాత ఎవరి కంటను పడక, అంతరించినదనియే పుస్తకములలో నెక్కినది. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గఱ ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చినప్పుడు గదా, పగలు వెదకినవారికి దొరకని పిట్ట రాత్రి తిరుగునని తెలిసినది! కలివిపొదల నడుమ తిరుగు కోడి కలివికోడి. దాని యునికిపట్టు మొదలుకొని అలవాటు వఱకు పేరులోనే దాచిన పల్లెజనము, గ్రంథకర్తలు దానిని పోగొట్టుకొన్న ఎనుబది యేండ్లును పిలుచుచునే యుండిరి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము, రమారమి 464 చదరపు కిలోమీటర్లు, దానికొఱకే ఏర్పడెను.

చీకటిలో తిరుగు పిట్టను లెక్కించుట యెట్లు? పరిశోధకులు పొదల నడుమ జల్లెడపట్టిన మెత్తని మన్నును పట్టెలుగా పఱచి, ప్రతి యుదయమును అడుగుజాడలను చదివిరి. సందెవేళ దాని కూతను వినిపించి బదులు కూతకై చెవియొగ్గిరి. పిదప పొదలను ఎంచిరి. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 మొదలు 700 వఱకును, చిన్నపొదలు 1000 లోపలను ఉన్నచోట దాని జాడలు మిక్కిలిగా కనబడెనని 2004లో ప్రకటించిరి. ఈ అంకెలను వారు కొలచి చెప్పిరి. మేకలమందయు, కట్టెలమోపుతో ఇల్లు చేరు ఆడుదియు కొలువకయే వానిని తరతరములు నిలిపిరి. మేతను పూర్తిగా మాన్పినచో పొద దట్టమై కోడి పోవును. మితిమీఱనిచ్చినచో పొదయే పోవును. రోళ్ళపాడులో మొదట పశువును వెళ్ళగొట్టవలసివచ్చినది, ఇచట పశువును ఒక పాటిగా పిలువవలసియున్నది. ఒకే అటవీశాఖ, ఒకే చట్టము, రెండు ఎదురెదురు మందులు. చెన్నపట్టణమునకు నీరు తీసికొనిపోవు తెలుగుగంగ కాలువ పని 2005లో ఈ పొదలలోనికి చొచ్చుకొనివచ్చి కొంత తావును చెఱచినపుడు, పోరాడి దాని దారిని మార్పింపవలసివచ్చెను.

ఇక నీటి సంగతి. లంకమలకు ఉత్తరమున పోరుమామిళ్ళ చెఱువున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించిన అనంతరాజసాగరమది. 1369 నాటి దాని సంస్కృత శాసనము దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని యని లెక్క చెప్పుటయే గాక, మంచి చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను ఎంచినది. కట్టనుండి ఊట కాఱుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర, నడుమ మిట్ట, నీరు హెచ్చై నేల కొఱత పడుట, నేల హెచ్చై నీరు కొఱత పడుట, ఇవి దోషములు. నీరు హెచ్చగుట గూడ దోషమని వ్రాసిన ఆ చేయి మెట్టసీమ చేయి యని నాకు మిక్కిలి ప్రీతి. పిదప ఇట్టి చెఱువులను నిలిపినది వాని మరమ్మతుకై ఇచ్చిన దశబంధము ఇనాములు, నీరు పంచు నీరుగంటి తూముకడ్డీ, వేసవిలో పూడికమన్నును బండ్లకెత్తి చేలకు తోలిన రైతులు. పూడిక చెఱువునకు రోగము, చేనికి మందు. నేడు పొక్లెయినులు ఆ పనిని నాలుగు దినములలో చేయుచున్నవి గాని, అంచులను నిలువుగా చెక్కివేయుచున్నవి. చీలమండ లోతు నీటిలో నడచి బ్రదుకు ఉల్లంకిపిట్టకు నిలువుగోడల కుంట బావితో సమానము. వాలుగా నున్న అంచును, గూళ్ళు కట్టుకొను నల్లతుమ్మలను వదలి, లోతు నడుమ త్రవ్వవలెను.

శాసనము దోషమని చెప్పిన మిట్ట విషయమున మాత్రము నేను పూర్వులతో ఏకీభవింపలేను. బద్వేలు దారిలో ఒక ఊరి కుంట పూడిక తీయించినపుడు, నడుమ నొక మంచమంత మిట్టను, బండ అడ్డుపడి, తీయక వదలిరి. మేస్త్రీ దానికి సిగ్గుపడి నాకు చూపుటకు జంకెను. ఫాల్గునమున నేను పోయి చూచునప్పటికి నీరు మిట్టచుట్టును గుండ్రముగా నిలిచియుండెను, ఎండిన వైపున గొఱ్ఱెలు తుంగను మేయుచుండెను. మిట్టపై, గులకఱాళ్ళలో ఏది రాయియో ఏది గ్రుడ్డో తెలియనట్లు, తీతువు నాలుగు గ్రుడ్లు పెట్టియుండెను. నేను ఒడ్డున నిలిచినంతసేపు అది నా తలపైన తిరుగుచు తిట్టుచునే యుండెను.