దర్గామిట్ట కథలలో హాస్య కరుణముల పొత్తు

హాస్యమునకు కరుణము విరోధిరసమని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున చెప్పెను. కాని నిత్యజీవితమును వస్తువుగా గైకొన్న తెలుగు కథలలో ఈ రెండును తరచుగా ఒకే పుటలో కలిసియుండును. ఈ పొత్తు ఎట్లు పొసగినది? నెల్లూరు మండలమునకు చెందిన ఒక కథాసంపుటిని ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింపదలచితిమి. అది కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు 1999లో వెలువరించిన 'దర్గామిట్ట కథలు'.

విచారణకు పూర్వము మా పొరపాటు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. ఒకప్పుడు మేము ప్రశ్నపత్రమున ఈ కథలను 'హాస్యకథలు' అను శీర్షిక క్రింద చేర్చితిమి. పిమ్మట ఆత్మకూరులో కొందరు విద్యార్థులకు వీనిని చదివి వినిపించు నవకాశము కలిగెను. ఉదయగిరి వైపు పల్లెలనుండి వచ్చిన పిల్లలు 'యాడికి', 'ఉండాడు' వంటి తమ యింటి మాటలు పుస్తకమునుండి వినబడగనే పకపక నవ్విరి. కొంతసేపటికి నవ్వు ఆగినది; ఒక విద్యార్థిని కన్నులు తుడుచుకొనెను. చదివిన కథ మారలేదు. కథకుని ధోరణియు మారలేదు. మా శీర్షిక తప్పని మాత్రము తేలినది.

ఇట్టి కథలకు తెలుగున పూర్వరంగము కలదు. మునిమాణిక్యం నరసింహారావు (1898-1973) బడిపంతులు సంసారమును భర్త నోట చెప్పించి కాంతమును సృష్టించెను. భానుమతి 'అత్తగారి కథల'ను కోడలు చెప్పును. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'లో కథనమును పిల్లవానికే అప్పగించెను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'సినబ్బ కథల'లో ఆ పిల్లవానిని చిత్తూరు సీమ రైతుయింట నిలిపెను. ఖదీర్‌బాబు అతనిని నెల్లూరు మాటతో సామాన్య ముస్లిము కుటుంబములోనికి కొనివచ్చెను. బుడుగునకు పెద్దల తీరు వింత. కాని ఆ యింట అన్నమునకు లోటు లేదు. దర్గామిట్ట పిల్లవానికి ఇంటిలోని లేమియు ఆటపాటలవలెనే నిత్యానుభవము. భేదమిచ్చటనే యున్నది.

విరుద్ధరసములకు ఆశ్రయభేదము కల్పించినచో విరోధము తొలగునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిరూపించెను. అతడు పాత్రల విషయమున చెప్పిన సూత్రమును మేము చెప్పువాడు, చెప్పబడువారు అను భేదమునకు విస్తరించుచున్నాము. ఈ కథలలో హాస్యము చెప్పుచున్న పిల్లవానిది. కరుణము సంసారమును ఈదుచున్న పెద్దలది. పిల్లవాడు చూచినదంతయు చెప్పును గాని దాని బరువు నెరుగడు. ఆ బరువు పాఠకునిపై పడును. అందుచేతనే రెండు రసములును ఒకదాని నొకటి చంపుకొనక నిలిచినవి. అయితే ఈ పద్ధతికి ప్రమాదము లేకపోలేదు. రచయిత తానెరిగిన దానిని పిల్లవాని నోట పలికించినచో అమాయకత్వము వేషమగును. అప్పుడు నవ్వును కన్నీరును రెండును కృతకములగును.

ఈ హాస్యమునకు మరియొక ప్రయోజనము కలదు. ఆత్మకూరు చెంతనున్న అనుమసముద్రంపేట దర్గాకును, నెల్లూరు బారాషహీద్ దర్గాలో మొహర్రం నాళ్ళలో జరుగు రొట్టెల పండుగకును హిందువులు, ముస్లిములు కలిసియే పోవుదురు. కాని దర్గా ముంగిట కలిసికొన్నవారు ఒకరి వంటయింటిని ఒకరు చూచుట అరుదు. ఈ కథలు మనలను ఆ వంటయింటికి కొనిపోవును. జాలితో వచ్చిన పాఠకుడు గడప వెలుపలనే నిలుచును. నవ్వుచు వచ్చినవాడు లోపల పీటపై కూర్చుండును. పేదవాని కష్టమును చెప్పుచు అతని అభిమానమును కాపాడుట ఈ నవ్వు చేసిన పని. కరుణము మాత్రమే యున్నచో ఆ కుటుంబము మన దయకు పాత్రమగును. హాస్యము తోడైనందున మన పొరుగిల్లైనది.

కావున ఇట్టి కథలను హాస్యమను ఒక్క అరలో నుంచి తేలికచేయుట తగదు. పరిశోధకులు వీనిలో నవ్వు ఎవరిది, దుఃఖము ఎవరిది అని వేరువేరుగ పరిశీలింపవలెను. ఉపాధ్యాయులు వీనిని తరగతిలో బిగ్గరగ చదువవలెను. నవ్వు ఎచ్చట ఆగునో అచ్చటనుండి పాఠము ప్రారంభింపవచ్చును.