తలుపు దగ్గర, తలుపు మీద

రేమండ్ మర్ఫీ వ్యాకరణం ఎక్కడ తెరిచినా ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో అభ్యాసాలు. 1985లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ తొలిసారి వేసిన 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్' ఈ పద్ధతి ఇప్పటికీ తప్పలేదు. మన దేశంలో అచ్చయ్యే 'ఇంటర్మీడియట్ ఇంగ్లిష్ గ్రామర్' కూడా ఈ పుస్తకమే. ఇందులో నాకు ప్రాణమైనవి ప్రిపొజిషన్ల పాఠాలు.

నిర్వచనాలతో విసిగించడు మర్ఫీ. ఒక వస్తువును కదలకుండా ఉంచి, దాని పక్కనున్న చిన్నమాటను మాత్రం మారుస్తాడు. సీసాలో నీళ్లకు ఇన్, సీసా మీది లేబుల్‌కు ఆన్. తలుపు జంట ఇంకా బాగుంటుంది. ఎవరో వచ్చి నిలబడితే ఎట్ ది డోర్, నోటీసు అంటిస్తే ఆన్ ది డోర్. తలుపు అదే. ఎట్ పక్కన అది ఒక చోటు, ఆన్ పక్కన ఒక చెక్క. ఎంత పొదుపైన పని! తెలుగువాళ్లకిది వెంటనే అందుతుంది. తలుపు దగ్గర మనిషి, తలుపు మీద కాగితం అని మనమూ అంటాం కదా.

బస్సుకొచ్చేసరికి మన భాష చెయ్యి వదిలేస్తుంది. బస్సులో, కారులో అని రెంటికీ ఒకటే 'లో'. ఇంగ్లిష్‌లో బస్సుకీ రైలుకీ ఆన్, కారుకీ టాక్సీకీ ఇన్. లేచి నడవగలిగే బండికి ఆన్ అని గుర్తుపెట్టుకోవచ్చు.

'ఎరైవ్' కూడా అలాంటిదే. 'ఊరికి చేరాం' అనే అలవాటుతో టు అనేస్తాం. చేరడమంటే ప్రయాణం ముగిసి ఒకచోట ఉండటం. అందుకే టు పోయి, ఊరికీ దేశానికీ ఇన్, స్టేషన్‌కీ హోటల్‌కీ ఎట్ వస్తాయి. 'గెట్' వాడితే మాత్రం టు. హోమ్‌కైతే రెండు క్రియలతోనూ ఏదీ అక్కర్లేదు. ఈ తగువులన్నీ మర్ఫీ ఒకే పాఠంలో పక్కపక్కన కూర్చోబెట్టి తీర్చాడు.

ఇన్, ఇంటు తేడా మాత్రం మనకు పుట్టుకతోనే వచ్చు. ఉంటే లో, వెళ్తే లోకి. ఒక చోటువైపు కదలిక ఉంటే 'కి' చేరుతుంది. నా ప్రతిలో ఆ పాఠం అంచున పెన్సిల్‌తో మూడు జంటలు రాసుకున్నాను: లో, లోకి; మీద, మీదికి; కింద, కిందికి. మొదటి రెంటికీ ఎదురుగా ఇన్, ఇంటు, ఆన్, ఆన్‌టు చక్కగా కుదిరాయి. కానీ పిల్లి మంచం కింద పరిగెత్తినా, మంచం కిందికి పరిగెత్తినా ఇంగ్లిష్‌లో అండరే. మూడో జంట ఎదుట రెండుసార్లూ అదే మాట రాయాల్సివచ్చింది.