మాధవియా? మాధవుడా?

సూరతు నగరంలో మరమగ్గాలను నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారిలో ఎక్కువమంది తెలంగాణము నుండి వలస వెళ్ళిన పద్మశాలీయులు. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ మొదలైన భాషలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడ అక్కడి నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చినది. ఆ బడులలో చదివే పిల్లలకు ఇంట ఒక వ్యాకరణం, వీథిలో మరొక వ్యాకరణం. ‘వచ్చాను’ అనడానికి గుజరాతీలో బాలుడు ‘హుం ఆవ్యో’ అంటాడు. బాలిక ‘హుం ఆవీ’ అంటుంది. తెలుగులో ఇద్దరికీ ‘వచ్చాను’ ఒక్కటే. ఉత్తమపురుషలో తెలుగు దాచిపెట్టగల దానిని గుజరాతీ దాచలేదు. కాని ఎదుట లేని మూడవవారిని గూర్చి చెప్పవలసివస్తే తెలుగు కూడ ‘వచ్చాడు’ అనో ‘వచ్చింది’ అనో తేల్చక విడువదు.

ఈ భేదం వైయాకరణుల వినోదం మాత్రమే కాదు. నేటి పిల్లలు ఎక్కడ పెరుగుతున్నా వీడియో ఆటలలోని పాత్రలు వారికి కథానాయకులైనవి. వాటిలో స్త్రీయో పురుషుడో తేలని పాత్రలు కొన్ని కలవు. ఆ పాత్రల కథను ఒక తెలుగు పిల్లవాడు తోటివానికి చెప్పబోయినప్పుడు మొదటి వాక్యం చివరనే చిక్కు ఎదురవుతుంది. ఆ చిక్కు రచయితది కూడ.

ఇట్టి పాత్రలలో రెండు తెగలను వేరు చేయవలసి ఉన్నది. జపానులో నింటెండో సంస్థ 1986లో వెలువరించిన ‘మెట్రాయిడ్’ ఆటలో సామస్ అనే యోధపాత్ర ఆపాదమస్తకం కవచంలో ఉంటుంది. ఆటను త్వరగా ముగించినవారికి చివర కవచం తొలగి స్త్రీరూపం కనబడుతుంది. ఆటతోపాటు వెలువడిన ఆంగ్ల వివరణ పుస్తకం మాత్రం ఆ పాత్రను పురుష సర్వనామంతో పేర్కొన్నది. రహస్యం నిలుపుటకు భాష అబద్ధమాడవలసి వచ్చినది. ఇది గూఢలింగ పాత్ర. 2015లో టోబీ ఫాక్స్ అనే అమెరికను రూపొందించిన ‘అండర్‌టేల్’ ఆటలో ఫ్రిస్క్ అనే పసిపాత్ర ఆడో మగో ఆట ఎక్కడా చెప్పదు. చివర తొలగించవలసిన తెర కూడ లేదు. ఇది అనుక్తలింగ పాత్ర. మొదటిది పొడుపుకథ వంటిది. విడుపు తెలియగానే దాని పని తీరిపోతుంది. రెండవది పాఠకునికి, లేదా ఆటగానికి, తన ఊహను తానే పరీక్షించుకొనే అవకాశం ఇస్తుంది.

ఈ రెంటికీ అందని మూడవ తెగ ఒకటి తెలుగువారి రంగస్థలంపై ఎన్నడో వెలసినది. అది స్త్రీవేషధారణ కాదు. సత్యభామగా స్థానం నరసింహారావు (1902–1971), వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012), గుజరాతీ నాటకరంగంలో పాత్ర పేరే తన పేరులో కలిసిపోయిన జయశంకర్ ‘సుందరి’ (1889–1975) సాధించినది సందిగ్ధత కాదు, నిస్సందిగ్ధమైన స్త్రీత్వం. నటుడు పురుషుడు, పాత్ర స్త్రీ; పాత్రలో సందేహం లేదు.

సందేహానికి నెలవైనది భామాకలాపంలోని మాధవి. సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన ఈ కలాపంలో సూత్రధారుడే సత్యభామ ఎదుట చెలికత్తె మాధవి. లేఖ తీసుకొని కృష్ణుని కడకు వెళ్ళగానే చెలికాడు మాధవుడు. అందుకు వేషం మార్చుకొనే పని లేదు. మారినది ఎదుటివారు, ఆ వెంట మారినది పిలుపు. భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడే భామ తన విరహాన్ని చెలికత్తెకు గాక చెలికానికి చెప్పుకోగలదా? లేఖను మోయుటకు ప్రతిఫలంగా భామ ముక్కుపుడకను అడిగే మాధవియే కృష్ణుని చెంత పురుషునివలె మాట్లాడుతుంది. ఇది చిన్న మేళం సౌకర్యం కొరకు పుట్టిన ఏర్పాటు అని ఆక్షేపింపవచ్చును. పుట్టుక అదే కావచ్చు. కాని ప్రేక్షకుడు దానిని లోపంగా ఎంచక ఆనందించినాడు. పాత్ర లింగం దేహంలో కాక పిలిచేవారి నోట ఉండగలదని ఆ రంగం నిరూపించినది. దీనిని సంబంధలింగ పాత్ర అనవచ్చును.

మరి వచన రచయితకు మార్గమేది? చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మహత్తు, అమహత్తు అని విభజించిన ఈ భాషలో ఏకవచన స్త్రీకీ జడవస్తువుకూ క్రియ ఒక్కటే. జపానుభాషలో వలె సర్వనామాన్ని విడిచినంత మాత్రాన తెలుగులో పని జరుగదు. క్రియ చివర గుట్టు బయటపడుతుంది. ‘వారు వచ్చారు’ అంటే సందేహం నిలుస్తుంది గాని పసిపాత్రకు అకాల వార్ధక్యం వస్తుంది. ‘బిడ్డ’ అనే మాట కోస్తా పాఠకునికి ఉభయసాధారణం. సూరతులోని తెలంగాణ కుటుంబంలో అది కూతురే. మధ్యమపురుషలో ‘నీవు’ నిర్దోషమే కాని, చనువు పెరిగి ‘రారా’, ‘రావే’ అనగానే రహస్యం చెదురుతుంది. ఇక మిగిలినది ఉత్తమపురుష. ‘నేను’ అని మొదలుపెట్టి నవల పొడుగునా లింగం తెలుపకుండ నడపగల సౌలభ్యం గుజరాతీ రచయితకు లేదు, తెలుగు రచయితకు కలదు. చేతనున్న ఈ సాధనాన్ని ఆటల కథలను తెనిగించేవారు కూడ గుర్తించవలసి ఉన్నది.

ఇది శిల్పచర్చతో ముగిసే విషయం కాదు. 2014 ఏప్రిల్ 15న భారత సర్వోన్నత న్యాయస్థానం స్త్రీపురుష విభజనలో ఇమడనివారిని తృతీయలింగంగా గుర్తించినది. అట్టివారిని కథలో ‘అది’ అని నిర్దేశించే రచయిత వ్యాకరణాన్ని పాటిస్తున్నానని అనుకోవచ్చును. నిజానికి మనిషిని వస్తువుల వరుసలో నిలుపుతున్నాడు. ‘వారు’ అనడం మర్యాద. తమను తాము ఎట్లు పిలుచుకొంటారో విని ఆ ప్రకారం పిలువడం అంతకంటె పై మెట్టు. ఆటలోని బొమ్మకు తప్పు క్రియ తగిలించినందువలన ఎవరికీ నొప్పి కలుగదు. కాని బొమ్మను గూర్చి వాక్యం కూర్చుకోవడం నేర్చిన పిల్లవాడు ఆ వాక్యంతోనే రేపు మనిషి ఎదుట నిలుస్తాడు. భామ ‘మాధవీ’ అని పిలిచినప్పుడు మాధవిగా, కృష్ణుని ఎదుట మాధవుడుగా పలికిన సూత్రధారుడు రెండుచోట్లా ఆ మనిషే.