రాతికి పేరు, చిత్రమునకు అర్థము

ఛాయాచిత్రము కూడ ఒక విధమగు అనువాదమే యని అంగీకరించినచో, అనువాదమును పరీక్షించు ప్రమాణములతోనే దానిని పరీక్షింపవలెను. మూలములోనిది ఏమి వచ్చినది? ఏది జారిపోయినది? మూలమున లేనిదేదైన వచ్చి చేరినదా? పురాతనములగు నిలువురాళ్లను, శిలావలయములను చూపు చిత్రముల విషయమున ఈ ప్రశ్నలు మనలో ఎవరును అడుగుట లేదు. అవి యన్నియు ఇంచుమించుగా ఒకే తీరున నుండును: ప్రాతఃకాలపు మంచు, ఎఱ్ఱని ఆకాశము, దానికి అడ్డముగా నల్లని రాయి, మనుష్యుడు మాత్రము కానరాడు. అట్టి చిత్రము అందమైనదే. కాని అది ఆ రాతిని అనాథను చేయుచున్నది.

జంషెడ్‌పూరు పరిసరములలో నివసించువారికి ఈ లోపము తెలియకపోదు. 1919 వరకు సాక్చి యను పేర నుండిన ఈ నగరము ఉక్కు కొఱకు వెలసినది; తెలుగువారు కూడ పెక్కుమంది ఆ పనికే వచ్చి స్థిరపడిరి. కాని నగరపు పొలిమేర దాటినంతనే వేఱొక కాలగణనము మొదలగును. హో, ముండా జనుల గ్రామములయందు వంశమువారి అస్థికలపై పఱచిన పెద్ద బండలు గలవు. వానిని ససన్‌దిరి యందురు. ససన్ అనగా అస్థికలను నిక్షేపించు స్థలము. దిరి అనగా రాయి. ఒక్కొక్క కిలికి, అనగా గోత్రమునకు, తన ససన్ వేఱుగ నుండును. మృతుని అస్థికలను తెచ్చి బండక్రింద నుంచుటతో అతడు పూర్వులలో చేరినట్లు భావింతురు.

రాంచీ జిల్లాలోని సోనాహాతు ప్రాంతమున చోకాహాతు అను గ్రామము గలదు. ఆ పేరునకు శోకస్థానమని అర్థము చెప్పుదురు. కర్నల్ డాల్టన్ 1873లో ప్రకటించిన వ్యాసమున అచ్చటి రాళ్లు ఏడువేలకు మించినవని లెక్క చెప్పెను. పురాతత్త్వజ్ఞులకు ఇది బృహచ్ఛిలాక్షేత్రము. ముండాలకు మాత్రము ఇది నేటికిని వాడుకలోనున్న ససన్. ఈ రెండు మాటలలో ఏది చిత్రము క్రింద వ్రాసితిమో దానినిబట్టి చూపరి మనస్సు మాఱును. మొదటిది అతనిని శిథిలముల యొద్దకు గొనిపోవును; రెండవది ఒక కుటుంబపు వాకిట నిలుపును.

ఈ భేదము కేవలము భావుకతకు సంబంధించినది కాదు. అడవిని కొట్టి పొలము చేసిన మూలపురుషుల సంతతికి ఆ భూమిపై గల హక్కును ముండాలు ఖూంట్‌కట్టీ యందురు; 1908 నాటి ఛోటానాగపుర్ కౌలుదారీ చట్టము దానిని గుర్తించినది. ససన్‌దిరి ఆ హక్కునకు సాక్ష్యము. 2017, 2018 సంవత్సరములలో ఖూంటీ ప్రాంతపు గ్రామములవారు రాజ్యాంగ విధులను, 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టపు మాటలను చెక్కించి పెద్ద రాళ్లను నాటినప్పుడు, ఆ కార్యమునకు పత్థల్‌గడీ యన్న పాతపేరే నిలిచినది. వారిపై రాజద్రోహపు అభియోగములు మోపబడినవి. 2019 డిసెంబరులో క్రొత్త ప్రభుత్వము వానిని ఉపసంహరింప నిశ్చయించెను. పాతరాతిని నిర్మానుష్యముగ చూపుటకు అలవాటుపడిన కన్ను క్రొత్తరాతిని చూచి వింతపడుట సహజము.

చిత్రము తప్పుదారి పట్టించిన దృష్టాంతము మన తెలుగునేలనే కలదు. గోదావరీతీరపు అడవులలో శిలువను బోలు రాళ్లను మల్హెరన్ అను సర్వే ఉద్యోగి చిత్రించెను. ఫెర్గుసన్ 1872లో ప్రకటించిన గ్రంథమున ఆ చిత్రముల ఆధారముననే అవి క్రైస్తవ చిహ్నములని ఊహించి, వాని కాలమును క్రిందికి దింపెను. నేటి పండితులు వానిని మానవాకృతులుగా, బృహచ్ఛిలాయుగమునకు చెందినవానిగా భావింతురు. చేతులు చాచిన మనిషిని శిలువగా చదువుట కటకపు దోషము కాదు. రూపము మాత్రము వచ్చి, పరిసరము రాకపోవుటయే దోషము.

పేరు విషయమున మనమును నిర్దోషులము కాము. ఇట్టి సమాధులను తెలుగు పల్లెలలో రాక్షసగుళ్లు అందురు. పేరులోనే బంధుత్వము తెగిపోయినది. కట్టినవారు మనవారు కారు, మనుష్యులే కారు. అయినను నారాయణపేట జిల్లాలోని ముడుమాల వద్ద కథ వేఱు. అచ్చటి నిలువురాళ్లు నిలువురాళ్ల తిమ్మప్పగా పల్లెవాసులకు పూజ్యములు. 2025లో ఆ క్షేత్రము యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. ఇక దానిని చూపు చిత్రములు వేలకు వేలుగా వచ్చును. వానిలో తిమ్మప్పకు చోటుండునా?

హజారీబాగ్ సమీపమున పుంక్రీ బర్వాడీలోని రెండు రాళ్ల నడుమ విషువదినములందు సూర్యోదయము కనబడునని శుభాశీస్ దాస్ లోకమునకు చాటెను. మార్చి, సెప్టెంబరు మాసములలో చూపరులు అచ్చటికి చేరుదురు. ఆ చిత్రమును నిందింపరాదు; రాతి దిక్కును, కాలమును అది నిరూపించుచున్నది. కాని ఆ పరిసరములు బొగ్గు గనుల ప్రాంతము. సూర్యునిమాత్రమే చట్రములో నిలిపి గనిని వెలుపల నుంచిన చిత్రము ఆ రాతికి గల అపాయమును దాచును.

కావున నిర్జనత్వము అందమునకు నియమము కారాదు. రాతి కొలత తెలియుటకు ప్రక్కన ఒక మనిషి, దిక్కు తెలియుటకు ఒక గుర్తు, స్థానికులు పిలుచు పేరు, ఆ వంశమువారి అనుమతి: ఇవి యున్న చిత్రము కొంత తక్కువ సుందరముగ నుండవచ్చును. కాని రాయి కదలింపబడిన నాడు, భూమి వివాదమైన నాడు, ఆ చిత్రమే సాక్ష్యమునకు పనికివచ్చును. మంచులోని నల్లనిరాయి అప్పుడు ఎవరి పక్షమునను మాటలాడజాలదు.