పని మానిన ఆదివారం: మాదిగపల్లె విశ్వాసాన్ని ఎట్లా చదవాలి?

దేవుడు తన్ను తాను బయలుపరచుకుంటాడు, మనిషి విశ్వాసంతో దానికి జవాబు చెబుతాడు. ప్రత్యక్షత గురించి క్రైస్తవ వేదాంతం చెప్పేదాని సారం ఇదే. రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రత్యక్షత మీద వెలువరించిన పత్రం ఆ జవాబుని ‘విశ్వాస విధేయత’ అంటుంది. రోమా పత్రికలో పౌలు వాడిన మాట అది. మనిషి తన బుద్ధినీ చిత్తాన్నీ దేవుడికి అప్పగించటం అని దానికి అర్థం చెబుతారు. ప్రొటెస్టెంటు బోధకులు మాటలు మార్చినా మనిషి బొమ్మని మాత్రం పెద్దగా మార్చలేదు. ఒంటరిగా కూచుని, విని, ఆలోచించి, ఒప్పుకునే మనిషి ఆ బొమ్మ. ఇందులో మాదిగపల్లె ఎక్కడుంది? బుద్ధి తనదే అయినా పొద్దు తనది కాని పాలేరు, చిత్తం తనదే అయినా చేతులు ఆసామికి రాసిచ్చిన మనిషి, దేవుడికి ఎట్లా జవాబు చెబుతాడు?

ఈ ప్రశ్న పెట్టుకుని ఒంగోలు ప్రాంతం మీద వచ్చిన రెండు పుస్తకాలు చదవాలి. ఒకటి, ఎమ్మా రాషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’. రెండోది ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1910లో చనిపోయాక, అతని జీవితకథని అతని మాటలుగానే ఆమె కూర్చి 1914లో తెచ్చింది. ఎమ్మా క్లౌకి రెండో భార్య. అమెరికాలో సామాజిక సువార్త వేదాంతానికి పేరుపడ్డ వాల్టర్ రాషన్‌బుష్‌కి అక్క. మాదిగ పెద్దలు చెప్పగా విని రాసింది కాబట్టి మొదటి పుస్తకానికి మనం రుణపడి ఉన్నాం. అంతమాత్రాన విమర్శ మానుకోనక్కర్లేదు.

రెండు పుస్తకాల్లోనూ నడుమ నిలబడ్డ మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారి. క్రైస్తవం వినకముందే రాజయోగం నేర్చుకుని, నలుగురికీ చెప్పగలిగినవాడు. వ్యాపారం మీద గోదావరి వైపు పోయినప్పుడు మిషనరీల బోధ విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం మొదలయింది. అదే నెలలో తాళ్ళకొండపాడు చుట్టుపక్కల నుంచి 28 మంది కలిశారు. వీళ్ళని క్లౌ వెతుక్కుంటూ పోలేదు. పేరయ్యే వాళ్ళని తయారుచేసి క్లౌని పిలిపించుకున్నాడు.

ఇక్కడే ఎమ్మా రచనతో నాకు పేచీ. పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం గురించీ, యోగి నాసరయ్య గురించీ, మాదిగలు గురువుల వెంట తిరగటం గురించీ ఆమె శ్రద్ధగా రాసింది. కానీ కథ నడిపిన తీరులో అవన్నీ సువార్త కోసం దున్ని ఉంచిన నేల అయిపోయాయి. మిషనరీ రాగానే గురువుల కథ సమాప్తం. పేరయ్య జీవితం అట్లా లేదు. గురువుగా పల్లెల్లో అతనికున్న మర్యాద, తోళ్ళ కోసం తిరిగిన దారులు, పోయినకాడల్లా ఉన్న చుట్టరికాలు, వీటి మీదుగానే కొత్త మాట నడిచింది. గురువు నోట విని, నలుగురితో తర్కించి, ఇంటిల్లిపాదీ కలిసి తేల్చుకునే పద్ధతి మాదిగలకి ముందునుంచీ ఉంది. ప్రత్యక్షత బయటినుంచి వచ్చిందనుకున్నా, జవాబు చెప్పిన భాష మాత్రం పల్లెదే. పుస్తకం పేరులోనే మాదిగల్ని ‘తెగ’ అని పిలిచిన రచయిత్రికి ఈ చరిత్ర పూర్వరంగంగా కనపడటంలో వింత లేదు.

మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని ఒంగోలు పైకులాలవాళ్ళు క్లౌకి తెగేసి చెప్పారు. బడిలోంచి పిల్లల్ని తీసేసుకున్నారు. ఏంచెయ్యాలో తెలియక, క్లౌ, అతని మొదటి భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చిందట. లోకం నీచమని తోసేసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. దీన్ని మిషను కథల్లో అద్భుతంగా చెప్పుకుంటారు. నేను ఇంకోరకంగా చదువుతాను. ఆ వచనాలు అతను అంతకుముందు ఎన్నిసార్లు చదివి ఉంటాడు! మాదిగలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాకనే వాటికి ప్రాణం వచ్చింది. ఆ రోజు జవాబు చెప్పవలసి వచ్చింది మిషనరీకి.

మరి పల్లె చెప్పిన జవాబు ఏమిటి? క్లౌ చేరవచ్చినవాళ్ళ ముందు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. వినటానికి ఇవి మూడూ భక్తికి సంబంధించిన మాటలు. పల్లెలో నిలబడి చూస్తే మూడూ పనికి సంబంధించినవి. ఆదివారం పని మానటమంటే, ఏడురోజులూ తనవే అనుకున్న ఆసామికి ఒకరోజు లేదనటం. విగ్రహానికి మొక్కననటమంటే, కొలుపుల్లో ఊరి ముందు డప్పు కొట్టననటం. గొడ్డు మాంసం సంగతి చచ్చిన గొడ్డుని ఈడ్చే చాకిరీతో ముడిపడ్డది. ఊరు ఎందుకంత మండిపడిందో దీన్నిబట్టి తెలుస్తుంది. మాదిగవాడు ఏ దేవుణ్ణి నమ్ముతాడో ఊరికి ఎన్నడూ పట్టలేదు. డప్పు ఆగినప్పుడు, ఆదివారం అరక కదలనప్పుడు పట్టింది.

నిర్గమకాండం ఐదో అధ్యాయం ఇదే కథ. మా దేవుణ్ణి కొలుచుకోటానికి మూడురోజులు వదిలిపెట్టమని బానిసలు అడిగితే, మీరు సోమరులై ఇట్లా అంటున్నారని ఫరో గడ్డి ఇవ్వటం మానేసి అవే ఇటుకలు చెయ్యమన్నాడు. ప్రత్యక్షతకి జవాబు చెప్పే తొలి సమూహం పనిదినాల గురించే కొట్లాడింది. ‘విధేయత’ అనే మాటని మన వేదాంత కళాశాలలు ఇక్కడ తూచి చూడాలి. పుట్టుకతోనే విధేయత నెత్తిన రుద్దబడ్డవాడికి, దేవుడికి విధేయుడు కావటమంటే ముందు ఆసామికి అవిధేయుడు కావటమే.

అయితే మూడు నియమాల్నీ నెత్తిన పెట్టుకుని మొయ్యలేం. చచ్చిన గొడ్డు మాంసం వద్దనటంలో వెట్టి నుంచి బయటపడే దారి ఉంది. పైకులపు అసహ్యాన్ని మిషనరీ నోట మళ్ళీ వినిపించటమూ ఉంది. చాకిరీ మానితే కళ్ళంలో మేర పోయింది. ఆ మేరకి బదులు ఏం తినాలో నియమం చెప్పలేదు.

తిండి మాట వచ్చింది కాబట్టి కరువు సంగతి చూడాలి. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ పనిలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. జూన్ నడిమి నుంచి జులై ఆఖరు దాకా 9,606 మంది. వీళ్ళు కూటికోసం కలిసినవాళ్ళు కారని రుజువు చెయ్యటానికి రెండో పుస్తకం నానా తంటాలు పడుతుంది. బాప్తిస్మాలు ఆపిన సంగతి అందుకే అంత నొక్కి చెబుతుంది. ఆ వాదన నిజమే. కానీ అట్లా వాదించటంలోనే కూడు అంటే మచ్చ అని ఒప్పుకోవటం ఉంది. ఆకలి ఎరగనివాళ్ళకే కూడూ ప్రత్యక్షతా రెండు వేరు సంగతులు. అరణ్యంలో మన్నా కురిసిన కథ చదివి, ఇశ్రాయేలీయుల్ని ఎవరూ కూటి భక్తులనలేదు. ఆ మాట మాల మాదిగలకే దాచిపెట్టారు.

జవాబు పల్లె మొత్తం కలిసి చెప్పిందంటే అది కులంగా కూడా చెప్పిందనే అర్థం. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలే ఎక్కువ. హేయర్ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను వైపు మాలలు పెద్దసంఖ్యలో పోయారు. ఒకే సువార్త రెండు పల్లెల మధ్య గోడని కూల్చలేదు. పెళ్ళి సంబంధాల కాడ ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఇది మిషనరీల మీదికి నెట్టి చేతులు దులుపుకునే సంగతి కాదు. ఆడవాళ్ళ లెక్క ఇంకొకటి. మిరపకోతల రోజుల్లో ఆదివారం చేలోకా గుడికా అనే ప్రశ్న వాళ్ళ ముందే ఉంటుంది. మూడు నియమాల్లో మొదటిది ఇంకా గెలవని పోరాటం.

కారంచేడులో 1985 జులైలో మంచినీళ్ళ చెరువు కాడ బిందె ఎత్తి ఎదిరించిన మాదిగ స్త్రీ పేరు సువార్త. మర్నాడు, 17న, మాదిగపల్లె మీద దాడి చేసి చంపినవాళ్ళు ఎవరు ఏ సంఘంలో సభ్యులని అడగలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఊరికి తెలిసిన ఈ నిజం రాజ్యానికి తెలియదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాన్ని హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. పాత గుంటూరు జిల్లాకి చెందిన ఒక పాస్టరు కులం పేరుతో తిట్టి కొట్టారని పెట్టిన కేసులో, మతం మారాక అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఫలితంగా పల్లెల్లో కాగితం మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు. దీన్ని రెండు నాలుకల బతుకు అని ఎగతాళి చేసేవాళ్ళు, నాలుక కోసిన చట్టాన్ని పల్లెత్తు మాట అనరు.

కాబట్టి విశ్వాసాన్ని బాప్తిస్మాల లెక్కతో కొలవటం మిషను పద్ధతి, సర్టిఫికెట్టుతో కొలవటం రాజ్యం పద్ధతి. మనకి మూడో పద్ధతి కావాలి. ఏ పల్లెలో ఏ సంవత్సరం డప్పు ఆగింది, ఏ ఆసామి కాడ ఆదివారం మానారు, మానినందుకు ఏ బావి మూసేశారు అని ముసలివాళ్ళని అడిగి రాయాలి. పేరయ్య పేరు ఇంగ్లీషు పుస్తకాల్లోనైనా మిగిలింది. వెల్లంపల్లి కాడ నీళ్ళలోకి దిగిన మిగతా వాళ్ళు ఇంకా అంకెగానే ఉన్నారు. వాళ్ళు దేవుడికి చెప్పిన జవాబు వాళ్ళ మనవలు, మునిమనవల నోళ్ళలో ఉంది. వాళ్ళు ఉండగానే దాన్ని తెలుగులో రాసుకోవాలి.