పూసపాటి అంటే పూసపాడి కూడా

మొన్న పెళ్ళిపిలుపుల పనిమీద పెదనాన్న నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పూసపాటి వాళ్ళను తీయరా" అన్నారు. కంప్యూటరులో ఉన్న మా చుట్టాల పట్టికలో ఆ ఇంటిపేరు కొట్టి తీశాను. పదకొండు పేర్లు వచ్చాయి. "మిగతావాళ్ళు ఏమైపోయారు?" అన్నారు. ఎక్కడికీ పోలేదు, ఆ పట్టికలోనే ఉన్నారు. కొందరు పూసపాడిగా, కొందరు ఉత్త 'పి' అనే పొడి అక్షరంగా.

తమిళనాడులోని మా రాజపాళయంలో ఇది వింతేమీ కాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాగితాల మీద ఇంగ్లీషు. తమిళంలో ట, డ లకు ఒకటే అక్షరం. అచ్చుల మధ్య పడితే అది డ అని పలుకుతుంది. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో కొడితే పాటి కాస్తా పాడి అవుతుంది. రాజు రాజా అవుతాడు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన మన ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా పేరులోని 'పి' పూసపాటే. ఇంటిపేరు కొట్టి వెతికితే అంతటి మనిషీ దొరకడు.

ముందు సౌండెక్స్ పెట్టి చూశాను. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు తీసుకున్న ఉపాయం అది. ఇంగ్లీషులో రాసిన పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులు వదిలేసి, దగ్గరి ధ్వనులకు ఒకే అంకె ఇస్తుంది. ట, డ లు రెండిటికీ 3. పూసపాటి, పూసపాడి రెండూ పి213. ఒక గంట సేపు నా అంతవాడు లేడనుకున్నాను. తర్వాత రాజు కోసం వెతికితే రాజాతో పాటు రఘు, రోజా కూడా వచ్చి నిలబడ్డారు. నలుగురిదీ ఆర్200. చిన్నయ్య కోసం వెతికితేనేమో సిన్నయ్య రాలేదు. మొదటి అక్షరం మారితే దానికి మనిషే మారిపోయినట్టు. మన చెవికి అలా కాదు కదా.

సరే, సోవియట్ గణితవేత్త లెవెన్‌స్టెయిన్ 1965లో చెప్పిన లెక్క పట్టుకున్నాను. ఒక మాట ఇంకో మాట కావాలంటే కనీసం ఎన్ని అక్షరాలు మార్చాలో, చేర్చాలో, తీసేయాలో అదే వాటి మధ్య దూరం. పాటికీ పాడికీ దూరం ఒకటి. బాగానే ఉంది. కానీ రామయ్యకూ రాజయ్యకూ దూరం ఒకటే! మా వాళ్ళలో ఆ పేర్లున్న అన్నదమ్ములకు మాటల్లేక చాలా ఏళ్ళయింది. ఒకరి శుభలేఖ ఇంకొకరి గుమ్మంలో పడితే పెళ్ళి సగంలో ఆగుతుంది.

చివరికి తప్పులన్నిటికీ ఒకే వెల కట్టడం మానేశాను. ట-డ, క-గ, చ-స, చివరి ఉకారం ఆకారం కావడం, ఇవి మన ఊరి తప్పులు. వీటికి పైసా. మ బదులు జ వస్తే రూపాయి. వెల తక్కువైనవి పైన, ఎక్కువైనవి కింద వచ్చేలా పెట్టాను. ఏది ఉంచాలో పెదనాన్న చూసుకుంటారు.

చెవితో తీరని చిక్కు ఒకటుంది. పక్కన ఛత్రపట్టిలో కట్టు కట్టే గుడ్డ నేస్తారు. ఆ వ్యాపారంలో ఉన్న బావ సరుకు పట్టికలో 'గాజుగుడ్డ' అని వెతికితే, 'బ్యాండేజ్' అని రాసిన మూటలు కనబడవు. ఆ రెండు మాటలకూ ధ్వనిలో చుట్టరికం లేదు. పోనీ 'గాజు' అని కుదించి వెతుకుదామంటే గాజులూ గాజుగ్లాసులూ వస్తాయి. అందుకని బావ, మూటలు మోసేవాళ్ళు, బిల్లు రాసే అబ్బాయి ఏ మాట వాడతారో అడిగి జాబితా రాసుకుంటున్నాను. ఇంకా పూర్తి కాలేదు.

పెళ్ళి పట్టిక మాత్రం ముప్పై నాలుగుకు చేరింది. పెదనాన్న వేలితో ఒక్కొక్కటే చదివి, రఘును కొట్టేసి, "మీ పెద్దత్త ఏదిరా?" అన్నారు. పెళ్ళయి నలభై ఏళ్ళు, ఆమె ఇంటిపేరు వేరు. నేను ఇంకా తెర మీదే వెతుకుతుంటే ఆయన ఫోన్ తీసి, "అక్కా, ఆదివారం ఇంట్లో ఉంటావా?" అంటున్నారు.