భాడా రసీదులో తాత పేరు

ఐర్లండ్‌లో పూర్వీకులను వెతుక్కునేవాళ్లు ముందుగా తెరిచేది గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ అనే అధికారి దేశమంతటా భూమికీ ఇంటికీ విలువ కట్టించి అచ్చువేయించిన పన్ను లెక్క అది. 1922లో డబ్లిన్‌లో దస్తావేజుల భవనం తగలబడి పాత జనాభా లెక్కలు చాలామటుకు బూడిదవడంతో వంశవృక్షాలకు ఈ పన్ను పుస్తకమే దిక్కైంది. నేలను అద్దెకిచ్చింది ఎవరో ఒక గడిలో, దాని మీద కాపురమున్నది ఎవరో ఇంకో గడిలో రాశారు. ఆ రెండో గడిని చూస్తే నాకు అసూయ.

బొంబాయి కామాఠీపురాలో మన తెలుగువాళ్లకు దొరకనిది అదే. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ కట్టతో సముద్రపు పోటు ఆగాక బొంబాయి పల్లపు నేలలు మెరకయ్యాయి. రాళ్లు మోసి, గోడలు లేపిన తెలుగు కూలీల, అంటే కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. 1865–72 మధ్య లాటన్ సర్వే నగరాన్ని జాగా జాగాగా కొలిచింది. ఇప్పటికీ ఓల్డ్ కస్టమ్ హౌస్‌లో సీఎస్ (కడాస్ట్రల్ సర్వే) నంబరు చెప్పి ప్రాపర్టీ కార్డు తీయిస్తే యజమానుల పేర్లు వరసగా వస్తాయి. మన తాతలు రారు. వాళ్లు ఖోలీల్లో, అంటే ఒంటిగదుల్లో, అద్దెకున్నవాళ్లు.

వాళ్లు దొరికేది భాడా రసీదులో, అంటే అద్దె చీటీలో. 1947 అద్దె చట్టం కిరాయిలను కట్టేసింది కాబట్టి పగిడీ (ముందస్తు సొమ్ము) కట్టి తీసుకున్న ఖోలీలు తరాల తరబడి ఒకే కుటుంబం చేతిలో ఉండిపోయాయి. రసీదు పేరు మార్పించాలంటే ఇంటి ఓనరుకు ముట్టజెప్పాలి. అందుకే పోయిన తాత పేరిటే మనవళ్లు అద్దె కట్టిన ఇళ్లు ఎన్నో. పేరు మారిందా, ఆ ఇంట్లో ఒక చావు జరిగిందనుకోవచ్చు. ఆడవాళ్ల పేరు ఎక్కువగా భర్త పోయాకే ఎక్కుతుంది, ఐర్లండ్ పుస్తకంలోనూ దాదాపు అంతే.

పేర్లు చదవడమే అసలు పని. బొంబాయి గుమాస్తా మన ఇంటిపేరును వెనక్కి నెట్టి, నడుమ తండ్రి పేరు చేర్చాడు. వెంకయ్య ‘వ్యంకూ’ అయ్యాడు, ఇంటిపేరుకు ‘వార్’ తగిలింది. ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచిన బొంబాయి తెలుగువాళ్లలో ఒకరి పేరు రామయ్య వ్యంకయ్య అయ్యవారు. ఊళ్లో ఇంటిపేరుతో మొదలుపెట్టి వెతికితే ఇలాంటి మనిషి చిక్కడు. కానీ ఆ నడిమి పేరు మనకు లాభం: ఒక్క కాగితంలో రెండు తరాలు!

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల సరదా అనుకోకండి. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి ఎస్సీలైతే 1950 ఆగస్టు 10కి, ఓబీసీలైతే 1967 అక్టోబర్ 13కి ముందే కుటుంబం ఇక్కడున్నట్టు చూపాలి. బళ్లో కులం గడిలో ‘కామాఠీ’ అనో ‘తెలుగు’ అనో రాసి పెట్టినవాళ్లకు ఈ తిప్పలు రెట్టింపు.

పెళ్లి చూపుల్లో, ఎర్రదీపాల పేటగా పేరుపడ్డ కామాఠీపురా అనకుండా ‘బైకుల్లా’ అని తప్పించుకున్న ఇళ్లు మనవి. గల్లీ నంబరు దాచాం, రసీదులనూ ట్రంకు పెట్టె అడుగున తొక్కేశాం. ఇప్పుడు వర్లీ బీడీడీ చాళ్లు టవర్లవుతున్నాయి, కామాఠీపురా పునర్నిర్మాణం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికొచ్చింది. ఖోలీ ఖాళీ చేసేటప్పుడు ముందు చిత్తుకాగితాలవాడికి పోయేది ఆ పెట్టే. అమ్మకముందే తెరవండి. ప్రతి రసీదుకూ రెండు వైపులా ఫొటో తీయండి, గల్లీ, బిల్డింగ్, ఖోలీ నంబర్లు పక్కన రాయండి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఇంట్లో పెద్దావిడను ఈ ఆదివారమే అడగండి.